మునక వేయని పడవ

"అమ్మా, ధ్యానానికి కూర్చుంటే దేవుడు కనబడటం లేదండి. పడవే కనబడుతోంది," అన్నాడు త్రిమూర్తులు.

అతని గురువు కనకమాంబగారు చింతపండులో గింజలు తీస్తున్నారు. తలెత్తలేదు.

"మంచిదేగా. ఎలా ఉంది?"

"ఎవరండి?"

"పడవ."

అంతే, అతని మొహం వెలిగిపోయింది. కిటికీ చుట్టూ తామర రేకులు చెక్కాడట. సొరుగులకి ఇత్తడి పిడులు బిగించాడట. మడిచి గోడకి ఆనించే బల్ల ఒకటి చేశాడట, తెరిస్తే ఇద్దరు కూర్చుని భోంచెయ్యొచ్చట. దేవుడి గురించి అడగడానికి వచ్చినవాడు పొద్దు వాలేదాకా పడవ గురించే చెప్పాడు. గురువుగారు అంతా విన్నారు. గింజలన్నీ ఒక పక్కకి తోశారు.

"నీళ్ళ మీద ఎలా ఉంది?"

"ఇంకా దించలేదండి. కాస్త పనుంది."

ఆవిడ చింతపండు ముద్ద చేసి జాడీలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

కనకమాంబగారిది కాలువ లాకుల పక్కన చిన్న పెంకుటిల్లు. బోధ అంటూ పెద్దగా ఏమీ ఉండేది కాదు. వచ్చినవాళ్ళు అరుగు మీద కూర్చునేవారు, కాలువని చూసేవారు, వెళ్ళేవారు. కొందరికి అదే చాలేది. త్రిమూర్తులు లాంటివాళ్ళకి చాలేది కాదు. వాళ్ళ చేతులకి ఎప్పుడూ ఏదో ఒక పని కావాలి.

అతను కరెంటాఫీసులో గుమాస్తా. వారమంతా ఫైళ్ళ మధ్య ఉండి, శనివారం తెల్లారేసరికి గట్టు మీద తాటాకు పాకలో వాలేవాడు. మళ్ళీ ఆదివారం దీపాల వేళకి గానీ ఇల్లు చేరేవాడు కాదు. ఆ పాకలో ఉన్నది ఒకప్పుడు కాలువ మీద ధాన్యం మోసిన పాత పడవ. పొడుగ్గా, సన్నగా ఉంటుంది. అతని చేతికి వచ్చేనాటికి అది వట్టి అస్థిపంజరం. పుచ్చిన పలకలు తీసి కొత్తవి వేశాడు. సందుల్లో నూలు తాడు కూరి గుగ్గిలం పూశాడు. పైన గూడు కట్టాడు. తర్వాత లోపలి పని మొదలుపెట్టాడు. ఆ పని కొన్నేళ్ళుగా పూర్తవుతూనే ఉంది.

అతని చెయ్యి మంచిది. చిక్కల్లా దానితోనే వచ్చింది. చెడ్డ చెయ్యి అయితే పడవ ఎప్పుడో నీళ్ళలో ఉండేది.

ఇదంతా ఎవరికోసమో కాదు, భార్య మంగతాయారు కోసమే. చిన్నప్పుడు ఆమెని వాళ్ళ నాన్న ఓసారి ధాన్యం పడవ ఎక్కించుకుని కాలువ చివరి లాకులు దాటించి, ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా తీసుకెళ్ళాడు. అక్కడ ఏటి నీళ్ళు ఎర్రగా, సముద్రం నీళ్ళు నీలంగా ఉన్నాయి. రెంటికీ మధ్య ఎవరో దారం పట్టి గీసినట్టు ఒక గీత. ఇన్నేళ్ళొచ్చినా ఆ గీత ఆమె కళ్ళలోంచి పోలేదు. మళ్ళీ ఓసారి చూడాలని ఆమె కోరిక.

ఇప్పుడు ఆమె కళ్ళే పోతున్నాయి. చూపు అంచుల నుంచి కమ్ముకొస్తోంది. పక్కన ఉన్నవి కనబడవు, ఎదురుగా ఉన్నది మాత్రం గుండ్రంగా, గొట్టంలోంచి చూసినట్టు కనబడుతుంది. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదాన్ని మందులతో ఎన్నాళ్ళు నిలపగలమో చెప్పలేననీ డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్న శనివారమే త్రిమూర్తులు కిటికీ పని మొదలుపెట్టాడు. భార్య కూర్చుని ఏటి మొగని చూసే కిటికీ గనక అది ఆషామాషీగా ఉండకూడదనుకున్నాడు.

ఆదివారాలు ఆమె కేరేజీ పట్టుకుని గట్టు మీదికి వచ్చేది. పాక బయట కూర్చుని కాలువ చూసేది.

"ఏవండీ, ఒక్కసారి ఇలా రండి. గూడబాతులు దిగాయి."

"వస్తున్నా తాయారూ, ఈ ఒక్క మేకు."

మేకు దిగేది. గూడబాతులు లేచిపోయేవి. ఆమె రెండోసారి పిలిచేది, మూడోసారి పిలిచేది కాదు.

ఆ కాలువ ఊళ్ళలో మునక అని ఒక పద్ధతి ఉంది. ఒడ్డున ఎండిన పడవనిగానీ, పలకలు మార్చిన పడవనిగానీ నేరుగా నడపరు. ముందు నీళ్ళలోకి దించి, అడుగున బిరడా తీసి, మునగనిస్తారు. అలా కొన్నాళ్ళు వదిలేస్తారు. పలకలు నీళ్ళు తాగి ఉబ్బుతాయి, సందులు వాటంతటవే మూసుకుంటాయి. అప్పుడు నీళ్ళు తోడి తేలుస్తారు. లోపలి పని ఏదైనా ఆ తర్వాతే.

ఇది ఆ గట్టు మీద నడిచే ప్రతివాడికీ తెలుసు. త్రిమూర్తులుకీ తెలుసు. కాని అతను పడవ కొన్నప్పుడు వేసవి, కాలువ కట్టేశారు, చుక్క నీరు లేదు. నీళ్ళు వచ్చేదాకా ఖాళీగా కూర్చోవడం ఎందుకని ఒక అర బిగించాడు. అరకి తలుపు కావాలి కదా. తలుపుకి పాలిష్ కావాలి కదా. నీళ్ళు వచ్చేనాటికి పడవలో ముంచడానికి మనసొప్పని వస్తువులు ఉన్నాయి. ఆ తర్వాత ప్రతి ఏడూ ఇంకాసిని చేరాయి.

"మునక వెయ్యకుండా ఈ సొరుగులేటండి బాబూ?" అని రేవులో పడవలకి గెడ వేసే అప్పన్న ఓసారి పాకలోకి తొంగి చూసి నవ్వాడు.

"ఇంకో దారి ఆలోచిస్తున్నాలే," అన్నాడు త్రిమూర్తులు. ఏ దారీ ఆలోచించడం లేదు. ఆ సంగతి తలుచుకోకుండా ఉండటానికే ఇంకో సొరుగు మొదలుపెట్టేవాడు.

ఆ ఏడు కాలువ కట్టేసే రోజు దగ్గరపడింది. కట్టేస్తే మళ్ళీ వానల దాకా నీళ్ళు రావు. మంగతాయారు అప్పటికే మెట్లు తడుముకుంటూ దిగుతోంది. ఏదో ఒకటి చెయ్యాలని త్రిమూర్తులుకీ అనిపించింది. బాగా ఆలోచించి, పడవలో పాలు పొంగించాలని నిర్ణయించాడు. గట్టు మీద, పాకలో, దుంగలకి ఆనించిన పడవలో గృహప్రవేశం. గురువుగారు వచ్చి దీవిస్తే ఆపైన దారి దొరుకుతుందని అతని నమ్మకం.

ఆదివారం పొద్దున్న కనకమాంబగారు వచ్చారు. చేతిలో ఎప్పుడూ ఉండే ఇత్తడి చెంబు, అందులో కాలువ నీళ్ళు. నిచ్చెన పట్టుకుని నెమ్మదిగా పడవెక్కారు. త్రిమూర్తులు కండువా నడుముకి చుట్టుకుని ఒక్కొక్కటే చూపించాడు. అర తెరిచాడు, మూశాడు. సొరుగు లాగాడు, తోశాడు. చప్పుడు రాలేదు. చప్పుడు రాకపోవడం అందరూ గమనించారో లేదోనని మళ్ళీ లాగాడు. కొత్త పొయ్యి మీద పాలు పెట్టాడు.

ఆవిడ తామర రేకుల కిటికీ దగ్గర కూర్చున్నారు. మంగతాయారు చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఇందులోంచి ఏం కనబడుతోందమ్మా?"

మంగతాయారు మొహం కిటికీకి దగ్గరగా పెట్టి చూసింది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. భర్తని నొప్పించే మనిషీ కాదు.

"తాటాకులండి," అంది.

గురువుగారు తల ఊపారు. తర్వాత చేతిలోని చెంబు వంచి, నీళ్ళన్నీ పడవ అడుగున పోసేశారు.

త్రిమూర్తులు కండువా విప్పి, మోకాళ్ళ మీద కూలబడి, గబగబా తుడవడం మొదలుపెట్టాడు. తుడవడానికి ఏమీ మిగల్లేదు. నీళ్ళు పలకల మధ్య సన్నటి సందుల్లోకి దారి చూసుకుని పోయాయి. కింద ఇసుక మీద టప్ టప్‌మని పడటం వినిపించింది. పొయ్యి మీద పాలు పొంగి, కొత్త చెక్క మీదికి కారాయి. ఎవరూ చూడలేదు.

"పాలిష్ అండి," అన్నాడు త్రిమూర్తులు.

"దాహంగా ఉంది దీనికి," అన్నారు కనకమాంబగారు. ఖాళీ చెంబు తీసుకుని నిచ్చెన దిగిపోయారు.

అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళ కష్టాన్ని చూసి ఒక్క మంచి మాట అనకపోగా నీళ్ళు కుమ్మరించి పోతుందా అనుకున్నాడు. మంగతాయారు మాడిన పాలగిన్నె తోముకొస్తానని రేవులోకి దిగింది. ఒక్కొక్క మెట్టూ కాలితో వెతుక్కుంటూ దిగింది.

త్రిమూర్తులు అది చూశాడు. తర్వాత వెళ్ళి ఆమె కూర్చున్నచోట కూర్చున్నాడు. పిడికిలి గొట్టంలా చుట్టి, ఒక కన్ను మూసి, రెండో కంటికి పెట్టుకుని కిటికీలోంచి చూశాడు. ఇన్ని శనివారాలు ఆ కిటికీని చెక్కాడుగానీ, అందులోంచి చూడటం అదే మొదటిసారి. ఎండిన తాటాకు. దాని మీద ఒక బల్లి. అంతకుమించి లేదు. అతనికి ఏడుపొచ్చింది. సిగ్గేసింది కూడా. కళ్ళు తుడుచుకుని అప్పన్నని కేకేశాడు.

సొరుగులు విప్పే తీరిక లేదు. పడవని ఉన్నదున్నట్టే తాటి దుంగల మీద దొర్లించారు. రేవులో ఉన్నవాళ్ళందరూ ఒక చెయ్యి వేశారు. నీళ్ళ మీద అది ఒక్క నిమిషం తేలింది, ఎంతో అందంగా. త్రిమూర్తులు రేవు మెట్టు మీద మొలలోతు నీళ్ళలో నిలబడి దాన్ని తనివితీరా చూశాడు.

"నన్ను లాగమంటారా?" అన్నాడు అప్పన్న.

"వద్దు. నేనే," అని లోపలికి పాకి, బిరడా తన చేత్తోనే పీకాడు.

పడవ తొందరపడలేదు. పడుకోబోయే పశువులా ముందు ఒక పక్కకి ఒరిగింది, తర్వాత నిదానంగా కిందికి దిగింది. ముక్కు ఒక్కటే బయట మిగిలింది.

మర్నాటి నుంచి ఆఫీసుకి సెలవు పెట్టి త్రిమూర్తులు రేవు మెట్ల మీదే ఉన్నాడు. చేతులకి పని లేదు. జన్మలో మొదటిసారి అవి ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి. ఒక పక్క మంగతాయారు, ఇంకో పక్క కనకమాంబగారు కూర్చునేవారు. కాలువ ఆ రోజుల్లో మెల్లగా, తేటగా పారుతోంది. ఎండ నిటారుగా దిగినప్పుడు నీళ్ళ అడుగున పడవ గూడు పచ్చగా కనబడేది. అర తలుపు ఒకటి దానంతటదే తెరుచుకుని, మూసుకుని, మళ్ళీ తెరుచుకునేది. ఇత్తడి పిడులు మెరిసేవి. ఎవరో ఆ ఇంట్లో కాపురం పెట్టినట్టే ఉండేది.

"ఏవండీ, చేపపిల్లలు చూడండి," అంది మంగతాయారు.

పిడికెడు చేపపిల్లలు తామర రేకుల కిటికీలోంచి లోపలికి వెళ్ళాయి. గదంతా తిరిగాయి. మళ్ళీ ఆ కిటికీలోంచే బయటికి వచ్చాయి. భార్యాభర్తలిద్దరూ తలలు ఆనించి, ఒకే చోటికి చూస్తూ కూర్చున్నారు. అతనికి నిద్రలో ఉన్నట్టుంది. లేవాలనిపించలేదు.

పలకలు తాగాల్సింది తాగాక అప్పన్న పడవని మెరకకి లాగించి, బిరడా బిగించి నీళ్ళు తోడాడు. పడవ లేచింది. అడుగున చుక్క కారలేదు. లోపలి సంగతి వేరు. పాలిష్ తెల్లగా పొక్కి ఊడింది. మడత బల్ల వంకరపోయింది. అర తలుపు మూసుకోనంది. సొరుగులన్నీ ఉబ్బి, ఒక్కటీ కదల్లేదు.

కాలువ కట్టెయ్యడానికి ముందు ఆదివారం వాళ్ళు బయల్దేరారు. అప్పన్న గెడ వేశాడు. కనకమాంబగారు వెనక గూడు నీడలో చెంబు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. కొబ్బరి తోటలు, బట్టలు ఉతికే రేవులు, ఒడ్డున గేదెలు నింపాదిగా వెనక్కి జరిగాయి. మంగతాయారు కిటికీ దగ్గర కూర్చుని, తన కంటికి మిగిలిన ఆ గుండ్రటి చోటులోకి వచ్చినదాన్నల్లా చూస్తోంది. మధ్యాహ్నం తిరిగేసరికి చివరి లాకులు దాటి ఏట్లోకి దిగారు. మడ చెట్ల వాసన, ఉప్పుగాలి తగిలాయి.

త్రిమూర్తులు మాత్రం లోపల ఉన్నాడు. పాత బుద్ధి ఎక్కడికి పోతుంది. స్క్రూడ్రైవరు తీసుకుని ఉబ్బిన సొరుగు అంచులు కెలుకుతున్నాడు. చెమటలు కారుతున్నాయి.

"ఒక్కటీ తెరుచుకోవడం లేదండమ్మా," అన్నాడు.

కనకమాంబగారు కళ్ళు మూసుకునే ఉన్నారు.

"ఏం పెట్టావందులో?"

పిడి మీద అతని చెయ్యి అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఆ సొరుగుల్లో ఎవరూ ఏదీ పెట్టలేదు.

"ఏవండీ," అని పిలిచింది మంగతాయారు. గొంతు ఎంతో మెల్లగా ఉంది. "గీత."

స్క్రూడ్రైవరు పలకల మీద దొర్లింది. ఆమె రెండోసారి పిలవాల్సిన పని లేకపోయింది.