గవరయ్య మేళం, కాలితో నొక్కే పెట్టె

సన్నాయి గవరయ్యకి తన బుర్ర మీద ఉన్నంత నమ్మకం తన సన్నాయి మీద కూడా లేదు. "మా ఇంట్లో మూడు తలకాయలండి, మూడూ బంగారమే!" అని ఎదురొచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు. ఒకటి తనది, రెండోది పెళ్ళాం నూకాలుది, మూడోది డోలు కొట్టే తమ్ముడు ఎర్రయ్యది.

పెసిడెంటు గారి అమ్మాయి పెళ్ళికి వీళ్ళదే మేళం. అక్కడ మెప్పిస్తే అమ్మవారి జాతర మేళం కూడా మీదేనన్నాడాయన. తాతల నాటి నుంచీ గవరయ్య ఇంట్లో ఎవరికీ దక్కని భాగ్యం అది. సరిగ్గా అప్పుడే ఎర్రయ్య కుడిచెయ్యి వాచి కూర్చుంది. గోడకి మేకు కొట్టమంది వదిన. సుత్తి మాట ఎత్తలేదు కదా అని చేత్తోనే కొట్టాడు మరి.

గవరయ్య పట్నం వెళ్ళి, విన్న మోతని పట్టుకుని మళ్ళీ మోగించే, కాలితో నొక్కే పెట్టె ఒకటి తెచ్చాడు. కొట్టతను విడమరిచే చెప్పాడు. "ఎర్ర బొత్తాం నొక్కి ఒక్క వరస వాయించు. మళ్ళీ నొక్కితే ఆ వరసే తిరిగి తిరిగి మోగుతుంటుంది. ఎర్రదీ, పక్కనున్న నల్లదీ, రెండు బొత్తాలూ కలిపి నొక్కావా, ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, జాగ్రత్త!"

ఇంకేముంది! ఇంటికి రాగానే ఎర్రయ్య ఎడమచేత్తో ఒక వరస కొట్టాడు. మధ్యలో వంటింట్లోంచి నూకాలు "ఓలమ్మో, కూర మాడిపోతంది!" అని అరిచింది. అంతే, పెట్టె పట్టేసుకుంది. డుం డుం, కూర మాడిపోతంది! డుం డుం, కూర మాడిపోతంది! నూకాలు కూర దించింది. అయినా మాడుతోందంటుంది పెట్టె. నీళ్ళు పోసింది, పొయ్యి ఆర్పింది, ఆఖరికి కూరంతా తీసుకెళ్ళి నూతిలో పోసి వచ్చింది. పెట్టె వింటేగా!

"రెండు బొత్తాలూ నొక్కీ అన్నా!" అన్నాడు ఎర్రయ్య.

"నొక్కితే ఉన్నదంతా తుడిసిపెట్టుకుపోద్దిరా! ముందు ఇల్లు ఖాళీ సెయ్యాల."

మంచం, బిందెలు, బియ్యం మూట, కోడిపెట్ట, అన్నీ వీధిలోకి చేరాయి. వాన మొదలైంది. గవరయ్య గుమ్మం బయటే నిలబడి, రెండు వెదురు కర్రలు లోపలికి చాపి నొక్కాడు. పెట్టె నోరు మూసుకుంది. "సూసినారా, సెంచా కూడా పోలేదు!" అని మురిసిపోయాడు. ఆ వెంటనే తుమ్మాడు.

మర్నాడు పొద్దున్న పదింపావుకి ముహూర్తం. పెళ్ళికొడుకు తాళి అందుకున్నాడు. "గట్టిమేళం! గట్టిమేళం!" అన్నారు పంతులుగారు. ఆ వేళ ఎవరి తుమ్మూ ఎవరికీ వినపడకూడదనే కదా గట్టిమేళం! ఎర్రయ్య వరస కొట్టాడు. గవరయ్య రెండోసారి బొత్తాం నొక్కబోతూ తుమ్మాడు. అంతే! డుం డుం, హాఛ్! డుం డుం, హాఛ్! పెళ్ళికొడుకు ముడి వెయ్యబోవడం, తుమ్ము వినపడగానే చెయ్యి దించేయడం. పెళ్ళికూతురి తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఆపరా దాన్ని!" అని పెసిడెంటు గారు కేకేశారు.

గవరయ్య చేతులు జోడించాడు. జాతర చేజారిపోతోంది! "ఆపుతాను బాబూ! ముందు పందిరి ఖాళీ సెయ్యండి, లేపోతే అందరూ తుడిసిపెట్టుకుపోతారు!"

అదేదో పేలుతుందనుకుని జనం వీధిలోకి లగెత్తారు. పెళ్ళికూతుర్ని పీటతో సహా ఎత్తుకుపోయారు. ఖాళీ పందిట్లో గవరయ్య ఒక్కడే గుండె దిటవు చేసుకుని, రెండు కాళ్ళతో రెండు బొత్తాలూ తొక్కాడు. తుమ్ము ఆగింది.

వీధిలోనే పంతులుగారు మళ్ళీ "గట్టిమేళం!" అన్నారు. ముహూర్తం దాటిపోవడానికి ఇంకా రెండు నిమిషాలుంది. గవరయ్య పరుగున వచ్చి సన్నాయి ఎత్తాడు. అతన్ని చూసి ఎర్రయ్య బావురుమన్నాడు.

"వదినా! కర్రలు ఇంటికాడే మర్సిపోయినాం! అన్న లోపలుండే నొక్కీసినాడు!"

"ఓలమ్మో! అయితే మా మావ కూడా తుడిసిపెట్టుకుపోయినాడే!" అని నూకాలు రాగం తీసింది.

గవరయ్య ఆలోచించాడు. ఎటు చూసినా సబబుగానే తోచింది. సన్నాయి దించేశాడు.

"వాయించవయ్యా గవరయ్యా!" అన్నారు పంతులుగారు.

"గవరయ్య లేడండి బాబూ" అన్నాడు వినయంగా.

చివరికి చుట్టాలే గరిటెలతో పళ్ళేలు మోగిస్తే మూడు ముళ్ళూ పడ్డాయి. పెసిడెంటు గారు ఊపిరి పీల్చుకుని గవరయ్య వైపు తిరిగారు. "జాతరకి పొరుగూరి మేళాన్ని పిలుస్తున్నాం. ఆ గవరయ్య ఎక్కడైనా కనిపిస్తే చెప్పు!"

ఆ సాయంత్రం గవరయ్య తన అరుగు మీదే కూర్చుని వీధి చివరి దాకా చూస్తున్నాడు. ఎవరి కోసమని పక్కింటాయన అడిగాడు.

"గవరయ్య కోసమండి. ఓ సెడ్డ కబురు సెప్పాల. పాపం, జాతర మీద పేనాలు పెట్టుకున్నాడు, ఇంటే తట్టుకోలేడు" అంటూ కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.