సగమోతమ్మ గుట్ట: కదలక మోసే తల్లి

ఎర్రమిట్ట దగ్గర బస్సు దిగి, కొర్ర చేల మధ్య బండ్లబాట పట్టి వస్తే సగమోతమ్మ గుట్ట చేరవచ్చు. గుట్ట నెత్తిన, ఒక పాత బావి అంచున, అమ్మవారు నిలబడి ఉంటుంది. ఈ తల్లికి ఊరేగింపు లేదు, పవళింపు సేవ లేదు. ముఖం అరిగిపోయింది కాబట్టి అలంకారమూ తక్కువే. రెండు చేతులు మాత్రం నిన్న చెక్కినంత స్పష్టంగా, ముందుకు చాచి, పిడికిళ్లు బిగించి ఉంటాయి. కొత్తగా వచ్చిన భక్తులు ఆ చేతులను చూసి కొంత జంకుతారు. జంకడంలో తప్పు లేదు. ఆ తల్లి కథ అటువంటిది.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. బాటసారులు దప్పికతో అల్లాడే ఎర్రనేల, ఎవరో సగం తవ్వి వదిలేసిన ఈ బావి, అంతే ఉండేవి. ఎందుకు వదిలేశారో చెప్పేవారు లేరు. పశువులు కూడా దాని దరికి పోయేవి కావు. బావులు తవ్వి బతికే తిరుపాలు, అతని భార్య ఓబులమ్మ ఆ దారిన వచ్చారు. సగం పని ఎవరో చేసిపెట్టారు కదా అని తిరుపాలు సంబరపడ్డాడు. ఓబులమ్మకు ఆ చోటు నచ్చలేదు. పైనుంచి రాయి వేస్తే చప్పుడు వినిపించడానికి చాలాసేపు పట్టేది. అయినా మొగుడి ఉత్సాహం చూసి, బావి మీద దూలం వేసి గిలక కట్టడానికి చేయి కలిపింది.

ఒకనాటి మిట్టమధ్యాహ్నం తిరుపాలు లోపలికి దిగుతుండగా బావి మీది దూలం విరిగింది. దూలమూ గిలకా అతనూ కలిసి అడుగున పడ్డారు. కాలు విరిగింది. పై ఒడ్డు నుంచి మట్టి పెళ్లలు పెళ్లలుగా అతని మీద రాలసాగింది. ఓబులమ్మ మోకు జారవిడిచి, నడుముకు కట్టుకోమని చెప్పి, ఉన్న బలమంతా పెట్టి లాగింది. తిరుపాలు ఆమెకు రెట్టింపు మనిషి. జానెడు లేచి మళ్లీ కూలబడ్డాడు. పిలిస్తే పలికే ప్రాణి చుట్టుపక్కల లేదు. ఇంకాసేపటికి తన మొగుడు బతికుండగానే పూడిపోతాడని ఆమెకు అర్థమైంది.

తలెత్తి చూస్తే, బావికి అవతలి అంచున ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. ఒళ్లంతా ఎర్రమట్టి. ముఖం కనబడకుండా జుట్టు.

"ఒక కొస నాకియ్యి," అన్నది ఆమె. "నడిమి తాడు కిందికి ఇడువు. ఆ గిలకను నడుముకు బిగించుకొని, తాడు దాని గాడిలో ఏసుకోమను. ఇంగో కొస పట్టుకొని నువ్వు లాగు."

ఓబులమ్మ మొగుడి నడుముకున్న మోకు విప్పించి, పైకి లాక్కుని, అలాగే చేసింది. లాగితే తిరుపాలు లేచాడు. అంత మనిషీ సగం మనిషైనట్టు తేలికగా ఉన్నాడు. అయితే ఆమె కాళ్ల దగ్గర తాడు కుప్ప పడుతున్నదే గాని అతను పైకి వచ్చేది కొంచెమే. రెండు బారలు లాగితే ఒక్క బార లేస్తున్నాడు. అవతలి మనిషి లాగడమే లేదు. పిడికిళ్లు బిగించి నిలబడి ఉంది. మట్టి రాలుతూనే ఉంది. ఓబులమ్మకు భయం పోయి కోపం వచ్చింది.

"ఊరికే నిలబడుకుంటే ఎట్లక్కా? నువ్వూ లాగరాదా? లేకుంటే ఇడిసిపెట్టు, నేనే లాక్కుంటా."

"ఇడిసేదా?" అని ఆమె పిడికిలి కొంచెం సడలించింది. తాడు సర్రున జారింది. తిరుపాలు కేక పెడుతూ నిలువెత్తు కిందికి పడ్డాడు. మళ్లీ పిడికిలి బిగిసిన ఊపుకు ఓబులమ్మ బావి అంచుదాకా ఈడ్చుకుపోయింది.

"బరువులో సగం నా చేతిలో ఉండాది," అన్నది ఆమె. "నీకు బరువు సగమైనందుకు తాడు రెండింతలు లాగాల. నేనేం ఊరికే నిలబడినానా?"

"తప్పయిందక్కా. పట్టుకో, నేను లాగుతా," అని ఓబులమ్మ ఏడ్చింది.

తిరుపాలు గట్టు మీదికి వచ్చి పడ్డాడు. ఓబులమ్మ గిలకలోంచి తాడు తప్పించి, "ఇంక ఇడువక్కా, మాయప్ప పైకొచ్చినాడు," అన్నది. ఆమె వదలలేదు. తప్పించిన తాడు బావిలోకి జారి, కొంతసేపు వేలాడి, నిటారుగా బిగిసింది. గిలక తిరుపాలు నడుముకే ఉంది. అయినా ఓబులమ్మ చేతిలోని కొసకు మళ్లీ బరువు తగిలింది.

"నీ బరువు దిగింది. నాది దిగల్యా," అన్నది ఆమె. "ఈ బాయి మొదట తవ్వింది మేమే. ఒడ్డు ఇరిగి నా మొగుడు కింద ఉండిపోయినాడు. ఒక్కదాన్ని. లాగే బలం లేకపాయ, ఇడిసే మనసు రాకపాయ. పట్టుకొనే ఉండా."

తిరుపాలు పాక్కుంటూ వెనక్కి జరిగాడు. "మేయ్, అది మనిషి గాదు. తాడు పారేసి రా, పోదాం," అన్నాడు.

ఓబులమ్మకూ భయం వేసింది. అట్లా అని వదల్లేదు. "ఏరు దాటి తెప్ప తగలేసేదాన్ని గాను," అని కాళ్లు నేలకు తన్నిపట్టి లాగడం మొదలుపెట్టింది. అరచేతులు చీరుకుపోయినా ఆపలేదు. సాయంత్రం బాటసారులు వచ్చేసరికి అవతల ఉన్నది రాతి బొమ్మ. ఆ పిడికిళ్లలోంచి తాడు బావిలోకి బిగువుగా దిగి ఉంది. వాళ్లు ఒక రాతి గుంజ పాతి, ఇవతలి కొసను దానికి చుట్టేవరకు ఓబులమ్మ తాడు విడవలేదు. మర్నాడు మళ్లీ వచ్చి లాగింది. బతికినంతకాలం లాగింది.

నేటికీ గుట్టకు వచ్చిన ప్రతి భక్తుడూ "పట్టుకో అక్కా, లాగుతున్నాం" అని చెప్పి, రెండు బారల తాడు లాగి గుంజకు చుట్టడం ఆచారం. తాడు అరిగిన చోట, పాతది తెగకముందే, ఓబులమ్మ వంశీయులు కొత్తది పేని కలుపుతారు. భక్తితో లాగినవారికి జీవితంలో ఎంత బరువు మీద పడినా, సగం పట్టుకునే మనిషి ఒకరు దొరుకుతారని నమ్మకం. బావిలోకి తొంగిచూడరాదు.

ఈ మధ్య తాడు మునుపటికంటే తేలికగా వస్తోందని చాలామంది భక్తులు చెబుతున్నారు. బరువేమీ తగ్గలేదని, కిందున్న అమ్మవారి మొగుడు గోడకు కాళ్లు ఆనించి తానూ ఎక్కుతున్నాడని వంశీయులు అంటారు. ప్రతి సాయంత్రం వారు బావి గట్టున ఒక ఉతికిన పంచె, చెంబెడు మంచినీళ్లు ఉంచి ఇళ్లకు వెళతారు.