కవిలెల ఇంటి తాళాలు

పులిమడుగు అని ఒక రాజ్యం ఉండేది. అక్కడ ఎవరి పొలం హద్దు ఎంతవరకు, కాలువ నీళ్ళలో ఎవరి వంతు ఎంత అన్నదంతా తాటాకుల మీద రాసి, కట్టలు కట్టి దాచేవారు. ఆ కట్టలను కవిలెలు అనేవారు. అవి ఉండే ఇంటికి కవిలెల ఇల్లనే పేరు.

ఆస్థానంలో మాటకారి అని పేరుపడ్డ వల్లభయ్య పుట్టి పెరిగింది ఆ ఇంట్లోనే. తండ్రి కవిలెలకు కాపరి. పాతకాలపు మట్టిమిద్దె అది, చెప్పుకోదగ్గ తాళం కూడా లేదు. వసారాలో ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చుని లోకాభిరామాయణం మాట్లాడుతుండేవారు కాబట్టి వాళ్ళ కన్నుగప్పి దొంగ లోపలికి పోవడం కల్ల. గుమ్మం పక్కన నీళ్ళ బానలుండేవి. బావికి వెళ్ళివచ్చే ఆడవాళ్ళు పోతూ పోతూ తలా చెంబెడు నీళ్ళు వాటిలో ఒంపేవారు. కవిలెలేమో గుడ్డ జోలెల్లో, గోడ మేకులకు వేలాడేవి.

ఒక వేసవిలో పక్కింటి గడ్డివామి అంటుకుంది. వీధి వీధంతా పరుగెత్తుకొచ్చి, కొందరు బానలు ఖాళీ చేస్తుంటే కొందరు చేతికందిన జోలె భుజాన వేసుకుని బయటికి నడిచారు. ఒక్క ఆకు కాలలేదు. తండ్రి ఆ సాయంత్రం అందరికీ మజ్జిగ పోశాడు. అందులో నలిపి వేసిన అల్లం రుచి వల్లభయ్యకు ముసలితనంలో కూడా నోట్లో ఆడుతుండేది.

తర్వాత రణధీరవర్మ గద్దెనెక్కాడు. మనసు మంచిదే గానీ ఆయనకు ప్రతిదీ ఘనంగా ఉండాలి. పాత ఇంటిని చూసి ముక్కు చిట్లించి, కోటలో రాతిమందిరం కట్టించాడు. దానికి ఇనుప తలుపు, మూడు తాళాలు. ఒక తాళంచెవి తన దగ్గర, ఒకటి మంత్రి దగ్గర, ఒకటి సేనాపతి దగ్గర. ముగ్గురూ కలిస్తేనే, అదీ జోస్యుడు మంచి ఘడియ చెప్పాకే తలుపు తీయాలని శాసనం. గట్టితనం చూద్దామని పట్టపుటేనుగు చేత పొడిపిస్తే ఏనుగు నొసలు వాచింది గానీ తలుపు కదలలేదు. ముంగిట నీళ్ళ బానలుంటే అందం చెడుతుందని వాటిని పెట్టనివ్వలేదు.

బానలూ జోలెలూ ఉండాలని వల్లభయ్య సభలో మెల్లగా అన్నాడు. రాజు పకపకా నవ్వాడు. రాతికి నిప్పంటుకోవడం ఎక్కడైనా విన్నావా అని అడిగాడు. సభంతా నవ్వింది.

"నా మందిరంలో ఒక్క లోపం చూపించు, పాత ఇల్లు ఉంచుతాను," అన్నాడు రాజు. "చూపలేకపోయావా, కవిలెలు ఇటు రాగానే దాన్ని పడగొట్టిస్తాను. నువ్వు మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు."

 వల్లభయ్య పైకి ఏమీ తేలనివ్వకుండా, గృహప్రవేశం నాడు ప్రభువులకు ప్రాణంతో సమానమైనదాన్ని ముందుగా అందులో ఉంచితే శుభమన్నాడు. రాజుకు ఆ మాట నచ్చింది. ఆయన పసితనంలోనే పోయిన తల్లి తన చేత్తో జోలపాట రాసిన తాటాకు ఒకటి ఆయన దగ్గరుంది. ఆ రోజున దాన్ని పళ్ళెంలో పెట్టి, పట్టుగుడ్డ కప్పి వల్లభయ్య చేతికిచ్చాడు. వల్లభయ్య పళ్ళెం లోపల పెట్టి, సాంబ్రాణి ధూపం వేసి వచ్చాడు. మూడు తాళాలూ పడ్డాయి. మంత్రి తన కూతురి సీమంతానికి పల్లకీ ఎక్కాడు, సేనాపతి వేటకు పోయాడు.

భోజనాలయ్యేసరికి మందిరం గవాక్షాల నుంచి పొగ మొదలైంది. చూస్తుండగానే చిక్కబడింది. రాజు తాంబూలం పారేసి పరుగెత్తాడు. తలుపు తీయమంటే, మిగతా రెండు తాళంచెవులు ఊళ్ళో లేవన్నాడు కావలివాడు. పైగా రాహుకాలం నడుస్తోందని జోస్యుడు గుర్తుచేశాడు. పగలగొట్టమంటే మావటి ఏనుగు నొసటి కేసి చూశాడు. నీళ్ళు తెమ్మంటే బానలు లేవు.

రాజు ఆ మెట్ల మీదే కూలబడ్డాడు.

"అది మా అమ్మ చేతిరాత, వల్లభయ్యా. ఇంకొకటి లేదు."

"రేపు లోపల పెట్టబోయే ప్రతి ఆకూ ఎవరో ఒకరికి అంతే ప్రభూ. ఇంకొకటి లేదు," అన్నాడు వల్లభయ్య. ఉత్తరీయం మడత విప్పి జోలపాట ఆకు తీసి ఆయన చేతిలో పెట్టాడు. "లోపల కాలుతున్నది ధూపం కుండలో నేను వేసిన తడి ఊక. దొంగ ఎలా రాలేడో తమరు బాగా ఆలోచించారు. నిప్పు పడితే మనం ఎలా వెళ్ళాలో ఎవరూ ఆలోచించలేదు."

రాజు మొహం ఎర్రబడింది. ఆ ఆకును చాలాసేపు చూశాడు. అంతలో ఏనుగు ఘీంకరిస్తే మావటి దాని నొసలు నిమురుతూ కనిపించాడు. అది చూసి రాజుకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగక కళ్ళనీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. భుజాన ఉన్న జరీ శాలువా తీసి వల్లభయ్యకు కప్పాడు.

పాత ఇల్లు నిలిచింది. బానల్లో మొదటి చెంబెడు నీళ్ళు రాజే ఒంపాడు. రాతిమందిరాన్ని వంటశాలవాళ్ళు ఊరగాయలకు తీసుకున్నారు, తలుపు మాత్రం తీసే ఉంచుకున్నారు.

ఆ సాయంత్రం వల్లభయ్య అందరికీ అల్లం వేసి మజ్జిగ పోశాడు. రాజు కూడా వసారాలో కూర్చుని తాగాడు. తర్వాత వల్లభయ్య ఆ జరీ శాలువాను జోలెగా ముడివేసి, రాజు ఇచ్చిన జోలపాట ఆకును అందులో పెట్టి, గుమ్మానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న మేకుకు తగిలించాడు.