సన్యాసినాయుడు అడగని మాట

ఏటి ఒడ్డున ఉన్న ఒక చక్కెర ఫ్యాక్టరీలో సన్యాసినాయుడు అనే పాకం మేస్త్రీ ఉండేవాడు. పనిలో నేర్పరే కానీ, ఎదుటివాళ్ళ మనసులో ఏముందో అడగకుండా తనే ఊహించుకుని కుమిలిపోయేవాడు.

చెరకురసం చిక్కబడి పంచదార గింజ కట్టే వేళ, పాకం గదిలో నిండే వాసనంటే అతనికి ప్రాణం.

ఆ ఏడు వసుంధర అనే కొత్త మేనేజరు వచ్చింది. ఆమె వెంట కోయంబత్తూరు నుంచి ఇద్దరు ఇంజనీర్లు వచ్చారు. పాకం గది పక్కనే అద్దాల గది కట్టించి కంప్యూటర్లు పెట్టించారు. ఇక పాతవాళ్ళను ఉంచరని కార్మికులు గుసగుసలాడుకున్నారు. సన్యాసినాయుడికి అన్నం సహించలేదు.

"ఒక్కసారి మేనేజరమ్మనే అడిగి చూడరాదా?" అంది భార్య నూకాలమ్మ.

"అడిగితే పొమ్మంటుంది. ఆ మాట నా చెవులతో వినలేను," అన్నాడతను.

ఇంజనీర్లలో చిన్నవాడు సెల్వం. "మేస్త్రీగారూ, మా గదికి ఒకసారి రండి," అని వచ్చీరాని తెలుగులో పిలిచేవాడు. పని నేర్చుకుని తనను సాగనంపడానికే ఈ పిలుపు అనుకుని, సన్యాసినాయుడు ఏదో వంక చెప్పి తప్పించుకునేవాడు.

ఒకరోజు పొద్దున, మధ్యాహ్నం వచ్చి తనను కలవమని మేనేజరు చెప్పిందంటూ బంట్రోతు కబురు తెచ్చాడు. పొమ్మనిపించుకోవడం కంటే తనే పోవడం మర్యాద అనుకున్నాడు సన్యాసినాయుడు. ఆమెను కలవకుండానే రాజీనామా రాసి గుమాస్తా చేతికిచ్చి, ఆ సాయంత్రమే భార్యతో బావమరిది ఊరు వెళ్ళిపోయాడు.

అక్కడ బెల్లం వండే పని దొరికింది. పూట గడిచేది కానీ మనసు నిలిచేది కాదు. చెరకు లారీలు ఫ్యాక్టరీ వైపు వెళ్తుంటే కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడేవాడు. కలలో కూడా పాకం గదిలోనే ఉండేవాడు.

చలికాలంలో ఒకనాడు సంతలో సెల్వం ఎదురయ్యాడు.

"ఎందుకు వెళ్ళిపోయారు మేస్త్రీగారూ?" అన్నాడు బాధగా. "ఆ రోజు మేడమ్ మిమ్మల్ని పిలిచింది, అద్దాల గదిలో మాతో కలిసి పనిచేయమని చెప్పడానికి. మీ ఇంటికి మనిషిని కూడా పంపారు. తాళం వేసి ఉందట."

"ఇప్పుడు వస్తే?" అన్నాడు సన్యాసినాయుడు మెల్లగా.

"సీజను మొదలైపోయింది కదండీ. పక్క జిల్లా నుంచి ఇంకో మేస్త్రీని తెచ్చుకున్నాం. పిల్లలతో వచ్చి స్థిరపడ్డాడు."

సన్యాసినాయుడు తల ఊపాడు. "నా కోసం అతన్ని మాత్రం పంపెయ్యకండి బాబూ," అన్నాడు. సెల్వం వెళ్ళాక ఫ్యాక్టరీ దారి వైపు ఒకసారి చూసి, బెల్లం పొయ్యి దగ్గరికి నడిచాడు.

నీతి: పోతుందేమో అన్న భయంతో, ఎవరూ లాక్కోనిదాన్ని మన చేతులతో మనమే వదులుకోకూడదు, ధైర్యం చేసి ముందు అడగాలి.