ఓదెమ్మ కుట్టిన కళ్ళు

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున ఒక ఊరు. ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి, భయమేసేవాళ్ళు దగ్గరికి జరగండి. ఈ కథలో పులి ఉంది.

ఊరి పేరు తునికిగట్టు. నలభై గడపలు. ఆ ఊళ్ళో బట్టలు కుట్టే మేర ఓదెమ్మ అని ఒక అవ్వ ఉండేది. మొగుడు జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. ఆమెకున్నవి మూడే మూడు. ఒక సూది, ఒక కత్తెర, మొగుడు విడిచిన ఒక చొక్కా.

ఆ ఊళ్ళో కొత్త బట్ట కొనే తాహతు ఎవరికీ లేదు. అన్నీ ఓదెమ్మ చేతిలోనే మారేవి. తాత పంచె చినిగితే తండ్రికి తువ్వాల అయ్యేది. తండ్రి చొక్కా చినిగితే కొడుకుకు చొక్కా అయ్యేది. కొడుకు చొక్కా కూడా చినిగితే బొంతలోకి పోయేది. కుట్టడం అయ్యాక ఓదెమ్మ బట్టను రెండు చేతులా పట్టి గట్టిగా గుంజి చూసేది. కుట్టు తెగకపోతేనే ఇచ్చేది. తెగితే మళ్ళీ మొదటినుంచి కుట్టేది.

ఒక ఏడు వాన రాలేదు. జొన్న ఎండింది, కంది ఎండింది, చివరికి వాగు కూడా ఎండింది. అడవిలో ఇప్పచెట్లు మాత్రం పూశాయి. ఆ పూలు ఏరి తెచ్చి, ఉడకబెట్టుకుని తింటేనే ఆ ఎండాకాలం గడిచేది. ఊరు ఊరంతా అడవికి కదిలింది.

అప్పుడు వచ్చింది పులి.

మొదట తేనె తీసే పెంటయ్యను తీసుకుపోయింది. తరువాత కట్టెలు కొట్టే ఐలయ్యను తీసుకుపోయింది. ఆ తరువాత పూలు ఏరే వీరవ్వను తీసుకుపోయింది. ముగ్గురు మనుషులు, మూడు వారాలు. ఇక అడవిలో అడుగు పెట్టేవాడు లేడు. పూలు చెట్ల కింద రాలి ఎండిపోతున్నాయి. ఊళ్ళో పొయ్యిలు ఆరిపోయాయి.

ఊరి పెద్ద పేరు కొమరెల్లి. "దండోరా వేయిస్తున్న. అడవికి పోయినోళ్ళు నా ఊళ్ళ ఉండొద్దు," అన్నాడు. తిండి సంగతేమిటని అడిగితే ఇంట్లోకి పోయాడు.

ఒకరోజు పెంటయ్య పెళ్ళాం రాజవ్వ ఒక మూట పట్టుకుని ఓదెమ్మ ఇంటికి వచ్చింది. అందులో పెంటయ్య చొక్కా ఉంది. అడవిలో దొరికింది. ఉతికినా మరక పూర్తిగా పోలేదు.

"అవ్వా, పిల్లగానికి తొడుక్కోను ఏమీ లేదు. ఇది వానికి సరిపోయేటట్టు కత్తిరించు," అంది. ఆ మాట అని గోడకు ఒరిగి కూర్చుంది.

ఓదెమ్మ చొక్కా నేల మీద పరిచింది. ముందు భాగం చూసింది. చెక్కు చెదరలేదు, గుండీలన్నీ ఉన్నాయి. తిప్పి వెనక భాగం చూసింది. మెడ దగ్గరనుంచి నడుము దాకా చీలికలు పేలికలు.

ఆమె లేచి ఐలయ్య ఇంటికి పోయింది. "అడవిల దొరికిన మీవాని అంగీ చూపియ్యండి," అంది. ముందు బాగుంది, వెనక చినిగింది. అక్కడినుంచి వీరవ్వ ఇంటికి పోయింది. "వీరవ్వ రవిక చూపియ్యండి," అంది. ముందు బాగుంది, వెనక చినిగింది.

ఇంటికి తిరిగి వస్తే రాజవ్వ ఇంకా గోడకు ఒరిగే ఉంది.

"రాజవ్వా," అంది ఓదెమ్మ, "అది ఎదురుంగ వస్తలేదే. మూడు బట్టలూ అదే చెప్తున్నయి. మన కండ్లంటే దానికి జంకు ఉన్నది. వెనక కండ్లు లేవని తెలిసే వెనకనుంచి దుంకుతున్నది."

"వెనక కండ్లు ఎక్కడినుంచి తెస్తం అవ్వా?"

ఓదెమ్మ లేచింది. దండెం మీదినుంచి మొగుడి చొక్కా తీసింది. అది ఆమెకు వదులు. పక్కలు పట్టి కుట్టింది. భుజాలు లోపలికి మడిచింది. చేతులు మోచేతి దాకా కత్తిరించింది. పాత తెల్ల పంచెలోంచి అరచేతంత గుండ్రటి ముక్కలు రెండు తీసింది. నల్ల గొంగడిలోంచి రూపాయంత ముక్కలు రెండు తీసింది. తెలుపు మీద నలుపు పెట్టి, ఆ రెండు జతలూ చొక్కా వీపు మీద జంటదారంతో కుట్టింది. పైన రెండు కనుబొమ్మలు కూడా కుట్టింది. చివరికి చొక్కాను గట్టిగా గుంజి చూసింది. ఒక్క కుట్టూ తెగలేదు.

చీర మీద మగవాడి చొక్కా తొడుక్కుని ఆమె బజార్లోకి వస్తే జనం నోళ్ళు తెరిచారు. కొమరెల్లి నవ్వాడు.

"ఏంది ఓదెమ్మా ఈ వేషం? బట్టకు కండ్లు కుడితే పులి బెదురుతదా?"

"తెల్వది పెద్దయ్యా. అందుకే ముందు నేను పోత."

"సచ్చిపోతవు!"

"కుట్టు గుంజి చూడకుండ ఎవరికైన ఎట్ల ఇస్త?" అంది ఓదెమ్మ. గంప చంకన పెట్టుకుని అడవి దారి పట్టింది.

మొదటిసారి ఒంటరిగా పోయింది. పోతున్నంతసేపూ ఏమీ లేదు. పూలు ఏరి గంప నింపి తిరిగి వస్తుంటే చెట్టు మీద కొండముచ్చు ఖర్ మని అరిచింది. పక్షులన్నీ ఒక్కసారి నోరు మూసుకున్నాయి. వెనక ఎండుటాకు చప్పుడైంది. ఓదెమ్మ ఆగితే చప్పుడు ఆగింది. నడిస్తే చప్పుడు నడిచింది. పచ్చిమాంసం వాసన ముక్కుకు తగిలింది. ఆమె కాళ్ళు పరుగు తీద్దామన్నాయి. పరిగెత్తితే నేను లేడిపిల్లనైపోత అనుకుంది. పంటి బిగువున నడిచింది, నడిచింది, నడిచింది. ఊరి పొలిమేర దాటాక గాని వెనక్కి చూడలేదు. చూస్తే దుమ్ములో ఆమె అడుగుల వెంబడి పంజా గుర్తులు. పది బారల వెనక ఆగిపోయి ఉన్నాయి.

రెండోసారి రాజవ్వ కూడా పోయింది. పిల్లవాడి కోసం కత్తిరించాల్సిన ఆ చొక్కానే తనకు మార్పించుకుంది. చినిగిన వీపు మీద కొత్త వీపు వేయించి, దాని మీద కళ్ళు కుట్టించుకుంది. ఇద్దరు పోయారు, ఇద్దరూ వచ్చారు.

ఇక ఊరు ఆగలేదు. కొమరెల్లి దండోరాను ఎవరూ లెక్కచేయలేదు. ఎవరి బట్టలు వాళ్ళు పట్టుకుని ఓదెమ్మ వాకిట్లో కూర్చున్నారు. సూది పట్టడం రానివాళ్ళకు ఆమె నేర్పింది. ఒకడు ఎర్రగుడ్డతో కోపం కళ్ళు కుట్టుకున్నాడు. ఒక కోడలు కిందికి చూసే వంకర కళ్ళు కుట్టుకుని, "ఇవి మా అత్త కండ్లు. పులి వాళ్ళ తాత వచ్చినా ఆగుతడు," అంది. చాలా రోజుల తరువాత ఆ ఊళ్ళో నవ్వు వినిపించింది.

మూడోసారి ఓదెమ్మ వెంట ఇరవైమంది పోయారు. కొమరెల్లి ఇంటినుంచి మాత్రం ఎవరూ రాలేదు. "నా గడప దాటి ఆ వేషం వేస్తే ఊరుకోను," అన్నాడు. కాని ఆయన కోడలు లసుమమ్మ ఐదు నెలల కడుపుతో ఉంది. ఆకలి ఆమె ఒక్కతెది కాదు. మామ కన్నుగప్పి, మామూలు చీరలో, గంప పట్టుకుని అందరి వెనకా వచ్చేసింది.

ఇప్పచెట్ల కింద పూలు ఏరుతుంటే ఓదెమ్మ ఆమెను చూసింది.

"బిడ్డా! నీ అంగీ ఏది?"

"లేదు అవ్వా," అంది లసుమమ్మ.

అప్పుడే కొండముచ్చు అరిచింది. పక్షులు నోరు మూసుకున్నాయి. అందరి చేతుల్లో పూలు ఆగిపోయాయి.

ఓదెమ్మ తన చొక్కా విప్పింది. లసుమమ్మకు తొడిగింది. కడుపు దగ్గర పట్టలేదు. మొన్న తానే బిగించిన పక్క కుట్టును పళ్ళతో పట్టి పరపర తెంపింది. చొక్కా వదులైంది, పట్టింది.

"నీకో అవ్వా?" అంది లసుమమ్మ.

"నా కండ్లు నాకు ఉన్నయి. అందరు ముందుకు చూసి నడువుండ్రి. ఉరకకుండ్రి. నేను చివర్ల వెనక్కి నడుస్త. దాని మొఖం చూస్కుంట వస్త. దారి మీరు చెప్పుండ్రి."

అలా కదిలారు. ఇరవై ఒక్కమంది ముందుకు నడుస్తున్నారు. ఓదెమ్మ ఒక్కతే అడవి వైపు ముఖం పెట్టి, ఒక్కో అడుగే వెనక్కి వేస్తోంది. వరసలో ఆమెకు ముందు లసుమమ్మ. దారి చెప్పడం లసుమమ్మ వంతు.

"రాయి, అవ్వా."

ఓదెమ్మ కాలెత్తి రాయి దాటింది. పొదల్లో పసుపు గీత ఒకటి కదిలింది.

"వేరు, అవ్వా."

ఓదెమ్మ వేరు దాటింది. పొదలోంచి తల బయటికి వచ్చింది. ఓదెమ్మ దాని కళ్ళలోకి చూసింది. రెప్ప వేయలేదు.

"వాగు, అవ్వా."

ఎండిన వాగు ఒడ్డున ఇసుక వదులుగా ఉంది. ఓదెమ్మ కాలు ఇసుకలో దిగబడింది. వెల్లకిలా పడింది. మడమ మెలిపడింది. లేవబోయింది, లేవలేకపోయింది.

పులి దారి మీదికి వచ్చింది.

"పొండ్రి!" అని అరిచింది ఓదెమ్మ. "నన్ను ఇడిచిపెట్టి పొండ్రి!"

లసుమమ్మ పోలేదు. వెనక్కి వెనక్కి నడిచి, పడి ఉన్న అవ్వను దాటి, ఆమెకూ పులికీ మధ్యన నిలబడింది. కళ్ళు ఊరి వైపు, వీపు పులి వైపు. రెండు చేతులతో కడుపు పట్టుకుంది. తరువాత రాజవ్వ వచ్చి పక్కన అలాగే నిలబడింది. తరువాత ఎర్ర కళ్ళవాడు. ఆ తరువాత ఒకరి వెంట ఒకరు అందరూ. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. ఇరవై ఒక్క వీపులు గోడలాగా పులికి అడ్డం నిలిచాయి. నలభై రెండు కళ్ళు దాన్ని చూస్తున్నాయి.

వాళ్ళకు పులి కనబడదు. ఊపిరి మాత్రం వినబడుతోంది. నేల మీద పడి ఉన్న ఓదెమ్మకు వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి కనబడుతోంది.

"అవ్వా, ఏం చేస్తున్నది?" అని గుసగుసగా అడిగింది లసుమమ్మ.

"నిలబడ్డది. కదలకుండ్రి."

ఒకడు తడుముకుంటూ చేయి చాపాడు. పక్కవాడు వాడి చేయి పట్టుకున్నాడు.

"ఇప్పుడో అవ్వా?"

"పది బారల దగ్గరికి వచ్చింది. తోక ఆడిస్తున్నది. కదలకుండ్రి బిడ్డలారా, నా అయ్యలారా, కదలకుండ్రి."

చెమట కారి కళ్ళలో పడుతున్నా ఎవరూ తుడుచుకోలేదు. లసుమమ్మ కడుపులో బిడ్డ తన్నింది. ఆమె పెదవి కొరుక్కుంది.

"ఇప్పుడో అవ్వా?"

ఓదెమ్మ మెడ ఎత్తి కాళ్ళ సందుల్లోంచి చూసింది. వాళ్ళకు ఆ కాసేపు ఒక ఏడంత అయింది.

"మర్లింది," అంది చివరికి. "పోతున్నది. పొదల్లకు పోయింది."

అప్పుడు ఏడ్చారు అందరూ. గంపలు తలకెత్తుకుని, అవ్వను వంతులవారీగా మోసుకుని ఊళ్ళోకి వచ్చారు. పొలిమేరలో కొమరెల్లి నిలబడి ఉన్నాడు. కోడలు కనబడక ఊరంతా వెతికి వచ్చాడు. లసుమమ్మ ఒంటి మీది చొక్కా చూశాడు. పక్క కుట్టు తెగి ఉండడం చూశాడు. చీర మీద చొక్కా లేకుండా వస్తున్న ఓదెమ్మను చూశాడు. ఎవరూ ఏమీ చెప్పకముందే ఆయనకు అర్థమైంది. తన అంగీ విప్పి రెండు చేతులతో ఆమె ముందు పెట్టాడు.

"ఓదవ్వా, నాకు గూడ రెండు కండ్లు కుట్టు. రేపటినుంచి చివర్ల నేను నడుస్త."

ఆ ఎండాకాలం ఇప్పపూలతో ఊరు బతికింది. మరి ఒక్క మనిషిని కూడా పులి తీసుకుపోలేదు. వానలు పడ్డాక పులి వేరే గుట్టలకు పోయింది. లసుమమ్మకు ఆడపిల్ల పుట్టింది.

ఓదెమ్మ ఆ తరువాత చాలా ఏళ్ళు బతికింది. మడమ మాత్రం బాగుపడలేదు, కుంటుతూనే నడిచేది. చూపు మందగించాక పిల్లలు వంతులేసుకుని సూదిలో దారం ఎక్కించేవారు. ఒక శ్రావణంలో నిద్రలోనే పోయింది. ఆమెను సాగనంపేటప్పుడు ఊరంతా కళ్ళ చొక్కాలు తొడుక్కుని వెంట నడిచింది.

ఇదంతా ఎప్పటిదో ఎవరికీ తెలియదు. ఆ పక్క గుట్టల్లో పులులు లేక ఎన్ని తరాలైందో కూడా తెలియదు. అయినా ఆ వైపు ఆడవాళ్ళు అడవికి పోతే చీర మీద చొక్కా తొడుక్కుంటారు. వీపు మీద రెండు గుండ్రటి మాసికలు కుట్టుకుంటారు. చొక్కా చినగకపోయినా కుట్టుకుంటారు. కడుపుతో ఉన్న కోడలికి బట్ట కుట్టేటప్పుడు పక్క కుట్టు వదులుగా వేసి, "ఓదెమ్మ కుట్టు" అంటారు.

ఇంకొకటి కూడా ఉంది. అడవిలో వరసగా నడిచేటప్పుడు దారిలో రాయి వస్తే, వేరు వస్తే, వాగు వస్తే, ముందువాళ్ళు చివరివాళ్ళకు కేక వేసి చెప్తారు. ఆ చివర నడిచేది ఆరేళ్ళ పిల్లవాడైనా సరే, మీసాలు తిరిగిన మగాడైనా సరే, ఆ కేక ఒక్కలాగే ఉంటుంది.

"రాయి, అవ్వా!"

చివర నడిచేవాళ్ళు కాలెత్తి, ఆ రాయి దాటుతారు.