కారుపోతు కారు

పులివాగు అడవిలో ఒక దున్నపోతుకి కారుండేది. అడవిదున్నని మా వైపు కారుపోతు అంటారు. కారు అంటే నలుపు. కారుమబ్బు, కారుచీకటి, కారుపోతు. పేరులోనే కారు పెట్టుకుని పుట్టినదానికి కారు దొరకడం పెద్ద వింతేం కాదు. దొరికిన కారు మాత్రం వింతదే.

ఇద్దరే పట్టే కారది. నేలకి బెత్తెడు ఎత్తున, పిల్లి మాటేసినట్టు ఒదిగి ఉంటుంది. కదిలిందా, లేడి కూడా పక్కకి తప్పుకోవాల్సిందే. మీట నొక్కితే పైకప్పు దానంతటదే లేచి, ఉతికిన చీర మడత పెట్టినట్టు మడతలు పడి, వెనక పెట్టెలో దూరిపోతుంది. ఇంకోసారి నొక్కితే మళ్ళీ వచ్చి బుద్ధిగా కప్పుకుంటుంది. ఆ వింత చూడ్డానికి తాబేలు తాత రోజూ వాగులోంచి గట్టెక్కి వచ్చేది.

"ఏదీ, ఇంకొక్కసారి నొక్కు నాయనా," అనేది. "నేను పుట్టి ఇన్నేళ్ళయింది, నా కప్పు ఒక్కనాడూ తెరుచుకోలేదు. ఎక్కడైనా మీట ఉందేమో కాస్త చూడు."

కారుపోతు వంగి, డిప్ప చుట్టూ మూతి తిప్పి వెతికి, "లేదు తాతా," అనేది.

"పోనీలే. రేపు మళ్ళీ చూద్దాం."

ఆ కారు ఎలా వచ్చిందంటే, ఎవరో పట్నం కుర్రాడు ఘాట్ రోడ్డు మీద జోరుగా వచ్చి, మలుపు తప్పి, దాన్ని బురదగుంటలో దించాడు. లాగి లాగి విసిగిపోయి, "దీన్ని బయటికి తీసినవాళ్ళే ఉంచుకోండి, నాకొద్దీ పీడ!" అని అడవంతా వినపడేలా అరిచి, దారినపోయే లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ బురద కారుపోతుది. పొద్దంతా పొర్లేది అందులోనే. కొమ్ములు కింద పెట్టి ఒక్క ఎత్తు ఎత్తింది, కారు గట్టున పడింది. దున్న కారెలా నడిపిందని మాత్రం అడక్కండి. మాటలొచ్చిన దున్నకి కారెంతసేపు?

కారుపోతుకి వేగం మీద మోజు లేదు. అది నడిచినా నిలబడినా ఒక్కలాగే ఉండేది. మోజంతా కొంగ కోసం.

ఆ కొంగ చిన్నప్పటినుంచీ కారుపోతు వీపు మీదే పెరిగింది. పోయిన వేసవి గాలివానకి కొమ్మ విరిగి రెక్క మీద పడింది. రెక్క అతుక్కుంది గాని ఎగరడం పోయింది. తోటి కొంగలు బారులు తీరి వాగు దాటుతుంటే, మెడ చాచి చూసి, ఏమీ ఎరగనట్టు ఈగల్ని ఏరుకునేది.

"ఎగిరితే ఎలా ఉంటుంది చెల్లీ?" అని ఒకసారి అడిగింది కారుపోతు.

"ఎలా ఉంటుందా? ఎదురుగా గాలి, కింద గాలి. ఇంకేమీ ఉండదన్నా."

ఆ మాట కారుపోతు మనసులో పడిపోయింది. కారు దొరికిన రోజునే కొంగని వీపు మీద నిలబెట్టుకుని, పైకప్పు మడిచి, రోడ్డు మీదికి తీసింది. వేగం పెరిగేసరికి కొంగ నోరు మూతపడింది. ఇంకాస్త పెరిగేసరికి మంచి రెక్క విప్పింది. ఆ తర్వాత, బెదురుతూ బెదురుతూ, విరిగిన రెక్క కూడా విప్పింది.

"అన్నా! కింద ఏమీ లేదన్నా!"

"నా వీపుంది చెల్లీ."

"ఉష్, చెప్పకు!"

ఆనాటి నుంచి రోజూ అదే పని. ఒక్కటే చిక్కు. ఎండకి ఆ తోలు సీటు పెనంలా కాలి కారుపోతు వీపు ఎండగట్టేది. ఎండిన వీపు మీద కొంగ కాళ్ళు నిలవవు. ఒక మలుపులో జారి, కొమ్ము పట్టుకుని వేలాడి, తప్పి బతికింది. ఆ రోజు నుంచి కొంగ కారు ఎక్కనంది. ఎక్కనని అంటూనే కారు వైపు చూసేది.

దాంతో కారుపోతు నక్క దగ్గరికి బయల్దేరింది.

రోడ్డు మలుపులో టేకు చెట్ల కింద నక్కకి ఒక షెడ్డుంది. ఎన్నికలయ్యాక గాలికి కొట్టుకొచ్చిన ఫ్లెక్సీలే దాని గోడలు. పట్నంలో కార్ల షెడ్డు వెనక కాపురముండి పని నేర్చుకున్నానని చెప్పుకునేది. అడవిలో ఇంకెవరికీ కారు లేదు గనక, దాని పనితనం ఎంతో ఎవరికీ తెలియదు.

"రా బావా, రా!" అంది నక్క. మాట దున్నతో, చూపు కారుతో. "ఏం చేయిద్దాం?"

"నాకు తగ్గట్టు మార్చాలి బావా."

"అదే కదా నా విద్య! ముందు వెనకాల పెద్ద అక్షరాలతో రాయిద్దాం. 'నన్ను చూసి ఏడవకురా.'"

కారుపోతు వెనక్కి తిరిగి చూసింది. "ఎవరేడుస్తున్నారు?"

"ఎవరూ ఏడవట్లేదు. ఏడవాలని రాసుకుంటారు."

"ఎందుకు పాపం?"

నక్క గొంతు సవరించుకుంది. "సరే, దిష్టి తగలకుండా నల్లతాడు కడదాం."

"నేనింత నల్లగా లోపల కూచుంటే ఇంకా తాడెందుకు బావా?"

"పోనీ సైలెన్సరు విప్పేస్తా. పులి గర్జించినట్టుంటుంది చూడు!"

"వద్దు వద్దు. మా ఆడవాళ్ళు బెదిరితే పాలు చేపరు."

"మరి నీకేం కావాలయ్యా?" అంది నక్క, విసుగు నవ్వుతో కప్పెట్టి.

"ఈ తోలు సీటు తీసేసి, ఆ గుంటలో మా వాగు బురద పొయ్యి. బురద ఒంటినంటి ఉంటే కొంగమ్మ కాళ్ళు జారవు. అదీగాక ఈ సీటు ఎవరి తోలో ఏమో. కూచుంటే చుట్టాల మీద కూచున్నట్టుంది."

నక్క పొట్ట పట్టుకుని నవ్వింది. ఇంత కారులో బురదా! కోతికి కొబ్బరికాయ దొరికిందనుకుంది లోపల. పైకి మాత్రం, "వదిలి వెళ్ళు బావా. ఎల్లుండికి నీ కారుని నువ్వే పోల్చుకోలేవు," అంది.

ఆ ఒక్కటీ నిజమే చెప్పింది.

ఎల్లుండి కారుపోతు, దాని వీపు మీద కొంగ వచ్చేసరికి షెడ్డు ముందు ఎర్రటి కారుంది. గోడలకేసే రంగు దట్టంగా పూసింది నక్క. సీట్లకి పూల గుడ్డలు, చుట్టూ మెరుపు కాగితాలు, వెనకాల ఏడవకురా అన్న రాత. బురద లేదు. పైకప్పూ లేదు.

"నా కారేది బావా?"

"నీ కారా? నీ కారు బూడిదరంగు కదా, ఇది ఎరుపు. నీదాని సీటు తోలుది, దీనిది పూలది. నీదానికి పైకప్పుంది, దీనికి లేదు. ఇది నా కారు బావా. ఇందులో నీ గుర్తు ఒక్కటి చూపించు, తోలుకుపో."

"ఓరి నీ దుంప తెగ! పైకప్పు అదిగో నీ షెడ్డు మీదే ఉంది!" అని అరిచింది కొంగ.

"అది షెడ్డు పైకప్పమ్మా. కారు మీదుంటే కారుది, షెడ్డు మీదుంటే షెడ్డుది."

కారుపోతుకి కోపం రావడానికి చాలాసేపు పడుతుంది. అది వచ్చేలోగా కొంగ ఏడుపు మొదలుపెట్టింది. ఆ కారు పోతే గాలి పోయినట్టే దానికి. కారుపోతు నక్కని ఏమీ అనకుండా, తిన్నగా వాగుకి వెళ్ళి తాబేలు తాతని పిలుచుకొచ్చింది.

తాబేలు కారు చుట్టూ తిరిగింది. ఒక్క చుట్టుకే పొద్దు వాలింది.

"రంగు పూస్తే మేక పులవుతుందటరా నక్కా?" అంది చివరికి. "అలాగని ఇది నీదేనని చెప్పడానికి నీ గుర్తూ ఏమీ కనపడటం లేదు దున్నయ్యా. చిక్కే."

నక్క ఆకాశం వైపు చూసింది. కొండ వెనక నుంచి కారుమబ్బు తోసుకొస్తోంది. పట్నంలో పైకప్పు తెరిచిన కార్ల వాళ్ళని అది చూసింది. చినుకు పడితే చాలు, ఒళ్ళు తడుస్తుందని కారు వదిలేసి చెట్ల కిందికీ షెడ్ల కిందికీ లగెత్తేవాళ్ళు. వాన పడితే దున్న కూడా అలాగే దిగి పరిగెడుతుందని దాని లెక్క.

"తాతా, నేనొక మాట చెబుతా," అంది. "సొంతదారుకి బండి మీద ప్రాణముంటుంది. ఏమొచ్చినా దిగడు. ఇద్దరం ఎక్కి కూచుంటాం. ఎవరు ముందు దిగితే వాళ్ళది కాదు. ఒప్పుకుంటావా బావా?"

"ఊరికే కూచోడమేనా?" అని అడిగింది కారుపోతు.

"ఊరికే కూచోడమే."

"అదైతే నాకొచ్చు," అని ఎక్కి కూచుంది. కారు ఒక పక్కకి ఒరిగింది. నక్క రెండో పక్క కూచుని, షెడ్డులోంచి తెచ్చుకున్న గొడుగు విప్పింది.

మొదటి చినుకు పడింది. నక్క ఓరగా చూసింది. కారుపోతు కదల్లేదు.

ఇంకొన్ని పడ్డాయి. తర్వాత ఆకాశం ఒక్కసారిగా బోర్లించినట్టయింది. గాలికి గొడుగు వెనక్కి విరిగి, పువ్వులా విచ్చుకుని, ఎగిరిపోయింది. కొంగ ముడుచుకుని వణకడం మొదలుపెట్టింది. నక్కకి అదే సాకు దొరికింది.

"అయ్యో బావా, చూడు! రెక్క విరిగిన పిల్ల తడిసిపోతోంది. నీకు కారెక్కువా, చెల్లెలెక్కువా? దిగి ఆ చెట్టు కిందికి తీసుకుపో."

మొదటిసారి కారుపోతు కదిలింది. ముందుకాలు తలుపు మీద వేసింది. తాబేలు డిప్పలోంచి తల బయటపెట్టింది.

కొంగ కారుపోతు చెవి పట్టుకుని ఒక్క పోటు పొడిచింది.

"కూచో! నేను కొంగనన్నా, కోడిపెట్టని కాదు. నీళ్ళల్లో నిలబడటమే కదా నా బతుకు. చలికి కాదు నేను వణికేది, నువ్వు దిగిపోతావేమోనని!"

కారుపోతు కాలు లోపలికి తీసుకుంది.

పైకప్పు లేని కారు కదా, వాన ఎక్కడికీ పోదు. లోపలే నిండుతోంది. మోకాళ్ళదాకా వచ్చింది. మెరుపు కాగితాలు ఊడి తేలాయి. ఎర్రరంగు కారి కారి నేలపాలైంది. ఏడవకురా అన్న రాత, అక్షరం తర్వాత అక్షరం, తనే ఏడ్చి కరిగిపోయింది. కొండ మీంచి జారిన ఎర్ర ఒండ్రు గట్టు దాటి, కారు అంచు దాటి, బుడబుడమంటూ లోపలికి దిగింది. దాని వెంట కప్పలు కూడా వచ్చాయి. ఒక కప్ప నక్క ఒళ్ళోకి గెంతి, "ఇది ఖాళీయేనా అండీ?" అని సర్దుకు కూచుంది.

కారుపోతు మెల్లిగా కళ్ళు మూసింది. ముక్కు మాత్రం పైకి పెట్టి, మెడదాకా బురదలోకి జారి, "ఆ…" అంది.

"దున్నపోతు మీద వాన కురిసినట్టు అని అందరూ తిట్టుగా అంటారు గానీ," అంది తాబేలు ఆశ్చర్యంగా, "కురిసేటప్పుడు దాని మొహం ఎవరైనా చూశారటరా?"

నక్క చూసింది. చూసి, ఇది తెల్లవార్లూ ఇలాగే ఉంటుందని, ఎల్లుండి కూడా ఇలాగే ఉంటుందని తెలుసుకుంది. చెవుల్లో నీళ్ళు, ముక్కులో నీళ్ళు, ఒళ్ళో కప్ప. ఒక్క గెంతులో తలుపు దాటి షెడ్డులోకి పరుగు తీసింది.

"నక్క దిగింది!" అని అరిచింది కొంగ.

తాబేలు తాత మళ్ళీ కారు దగ్గరికి జరిగి లోపలికి తొంగిచూసింది. "ఇందాక గుర్తు చూపించమన్నారుగా. ఇప్పుడు చూడండి. వాన నీళ్ళు, కొండ బురద, వాటిలో దున్న, దున్న మీద కొంగ. ఇది ఎవరి కారో గుడ్డివాడు కూడా చెబుతాడు."

"బావా," అని పిలిచింది కారుపోతు షెడ్డు వైపు. దాని గొంతులో కోపం లేదు. అది ఇంకా దారిలోనే ఉంది. "నాకు తగ్గట్టు మార్చమంటే నీకు చేతకాలేదు, వాన చేసి పెట్టింది. ఆ పైకప్పు నువ్వే ఉంచుకో. అవసరం నీకే."

వాన వెలిశాక తలుపు తీసి మిగులు నీళ్ళు వదిలేసింది. కప్పలు దిగాయి, ఒండ్రు మిగిలింది. కారు దగ్గి, తుమ్మి, కదిలింది. చల్లటి బురద వీపులో కొంగ గోళ్ళు దిగేసి నిలబడింది. మలుపు వచ్చింది, కాళ్ళు జారలేదు. రెండు రెక్కలూ ఒకేసారి విప్పింది.

ఆ పైకప్పు కింద నక్క తోక పిండుకుంటూ కూచుంది. కారు దూసుకుపోతూ షెడ్డు నిండా బురద చిమ్మితే, ఆ చినుకులు కూడా దాని మీదే పడ్డాయి.

ఎదుటివాడి బండిని చూసి పందెం కాయకు, బండిలో కూచున్నవాణ్ణి చూసి కాయి.