ఫోటోలో ఉన్నట్టే

వెలగలంకలో బుర్రా వారి కంటే తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, బుర్రా వారే అన్నారు. "అందరికీ బుర్ర తలకాయలోనే ఉంటాది. మనకి ఇంటిపేర్లో కూడా ఉంది" అని పెద్దవాడు సూర్రాజు రేవులో పడవెక్కిన ప్రతివాడికీ చెప్పేవాడు. పడవ మధ్యలో దిగిపోవడం కుదరదు కాబట్టి అందరూ వినేవారు.

ఆ ఇంట్లో సూర్రాజు, ఆయన భార్య కాంతమ్మ, తమ్ముళ్ళు బుల్లబ్బాయి, చిట్టిబాబు ఉంటారు. తెలివంటే ఏమిటయ్యా అని వాళ్ళనడిగితే ఒకటే జవాబు: చెప్పిన మాటని చెప్పినట్టు చెయ్యడం. రక్తపోటు వచ్చింది, ఇక ఉప్పు ముట్టుకోవద్దని డాక్టరు కాంతమ్మకి చెప్పాడు. అంతే, ఆ రోజు నుంచి ఆవిడ ఉప్పు ముట్టుకుంటే ఒట్టు. గరిటెతోనే వేసుకుంటుంది.

బుల్లబ్బాయికి ఒక్కతే కూతురు, తాయారు. తల్లి పురిట్లోనే పోతే ఆ పిల్లని సూర్రాజు భుజాన వేసుకుని పెంచాడు. పిల్లలు లేని మనిషి కదా, తాయారు తుమ్మితే ఆయనకి జ్వరం వచ్చేది. వరదలొచ్చి పడవ ఆగినప్పుడల్లా బడి మానేయాల్సి వచ్చేది తాయారుకి. అందుకే చిన్నప్పుడే ఒక మాట అనేసింది: "పెదనాన్నా, పెద్దయ్యాక ఈ ఏటి పాయ మీద వంతెన కడతాను." బుర్రా వారింట్లో మాటంటే మాటే. వంతెన కట్టాలంటే సివిల్ ఇంజనీరింగ్ చదవాలన్నారు. చదవాలంటే ప్రవేశ పరీక్ష రాయాలన్నారు. "ప్రశ్నలో ఏమడిగారో అది చెయ్యి, ఇంకేమీ ఆలోచించకు" అని లెక్కల మాస్టారు కామేశ్వర్రావు గారు చెప్పారు. తాయారు అలాగే చేసింది. ఇంకేముంది, నాలుగు వేల చిల్లర ర్యాంకు వచ్చింది.

ఇంట్లో శోకాలు మొదలయ్యాయి.

"పక్కింటోళ్ళ కుర్రోడికి లక్ష దాటిందంటండీ. మన పిల్లకి వేలల్లోనే ఆగిపోయింది" అని కాంతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"పోన్లేవే, వచ్చే ఏడు ఇంకా గట్టిగా చదివి రెండు లక్షలు తెచ్చుకుంటాది" అని సూర్రాజు ఓదార్చాడు.

మిఠాయి పొట్లంతో వచ్చిన మాస్టారు గుమ్మంలోనే నిలబడిపోయారు. విషయం విని నుదురు కొట్టుకున్నారు. "అది కాదండీ సూర్రాజు గారూ! ర్యాంకంటే పందెంలో ఎన్నోవాళ్ళుగా వచ్చారన్నమాట. అంకె ఎంత చిన్నదైతే అంత గొప్ప."

అంతే. ఆ ముక్క ఇంటిల్లిపాదికీ వంటబట్టేసింది. మర్నాడు గేదె తన్ని చెంబుడు పాలు మాత్రమే ఇస్తే, కాంతమ్మ దానికి హారతి పట్టింది. భోజనాల దగ్గర సూర్రాజుకి ఒక్కటంటే ఒక్క ముద్ద వడ్డించింది. "ఇంటికి పెద్దవారు కదండీ, మీకే అందరికంటే తక్కువ ఉండాలి." సూర్రాజు సాయంత్రం దాకా కడుపు పట్టుకుని, గొప్పగా కూర్చున్నాడు.

తర్వాత మాస్టారు తాయారుని ఇంటర్నెట్ సెంటరుకి తీసుకెళ్ళి, ఏ కాలేజీ ముందు, ఏది వెనుక అన్న ఆప్షన్లు పెట్టించారు. వచ్చి చెప్పారు: "పట్నంలో గవర్నమెంటు కాలేజీ మొదటిది పెట్టాం. దేశంలో ఉన్న కాలేజీలన్నిటికీ ర్యాంకులిస్తారు కదా, అందులో దానిది నలభై ఏడు. వంతెనల నమూనాలు కట్టి చూసే ల్యాబు ఉందక్కడ. ఆఖరి తేదీ దాకా మార్చుకునే వీలుంది. కానీ ఎవరు చెప్పినా మార్చకండి. మీ సంగతి నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను, ఆఖరికి నేను చెప్పినా మార్చకండి."

"ఆయ్, అలాగేనండి" అన్నారు ముగ్గురన్నదమ్ములూ.

రెండ్రోజులకి పడవలో కోటు వేసుకున్న ఒకాయన దిగాడు. బంగారుబాట ఇంజనీరింగ్ కాలేజీకి పిల్లల్ని చేర్పించే ఏజెంటు. రంగుల కాగితం పరిచి, బస్సు ఉందన్నాడు, క్యాంటీను ఉందన్నాడు, మరోటి ఉందన్నాడు. సూర్రాజు అవేమీ వినలేదు.

"అవన్నీ సరేనండి. దేశంలో మీ ర్యాంకెంత?"

ఏజెంటు కండువా లేని మెడ తుడుచుకున్నాడు. "అంటే... ఉన్నమాట చెప్పాలంటే... మాకింకా ర్యాంకు లేదండి."

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. అన్నదమ్ముల్లో లెక్కలొచ్చినవాడు చిట్టిబాబే. వేళ్ళు మడుస్తూ నెమ్మదిగా అన్నాడు: "నలభై ఏడు కంటే పది గొప్పది. పది కంటే ఒకటి గొప్పది. మరి ఒకటి కంటే..."

ఇంకేముంది, ముగ్గురూ లేచి నిలబడి దణ్ణం పెట్టేశారు. కాంతమ్మ పరుగున వెళ్ళి లేత బొండాం కొట్టించి తెచ్చింది. ఎక్కడికెళ్ళినా తలుపులు వేసుకోవడమే చూసిన మనిషి పాపం, ఏజెంటు కళ్ళు చెమర్చాయి.

ఆ వేడి మీదే అందరూ కాలేజీ చూడ్డానికి వెళ్ళారు. ఊరవతల పొలాల్లో రేకుల షెడ్డు. ల్యాబులో మేకలు పడుకుని ఉన్నాయి.

"పాఠాలు చెప్పేవోళ్ళు ఎంతమందండీ?" అని అడిగాడు సూర్రాజు.

"ఇద్దరండి" అన్నాడు ఏజెంటు నేల చూస్తూ.

"అబ్బో!"

"ఎన్ని పుస్తకాలండీ లైబ్రరీలో?" అన్నాడు బుల్లబ్బాయి.

"ఒకటుండేదండి. మేక తినేసింది."

"అమ్మమ్మమ్మ!"

"మరి ఇప్పటిదాకా పాసైనోళ్ళు?" అన్నాడు చిట్టిబాబు ఊపిరి బిగబట్టి.

"ఒక్కరూ లేరండి."

సూర్రాజు పంచె చెంగుతో కళ్ళొత్తుకుని, "దీనికి సాటి ఇంకోటి లేదురా తమ్ముడూ" అన్నాడు.

"అయితే ఇంకెందుకండీ ఆలస్యం? పదండి, మా కాలేజీని మొదట పెట్టించి ఆప్షన్లు మార్చేద్దాం" అన్నాడు ఏజెంటు హుషారుగా.

తాయారు గబుక్కున పెదనాన్న చెయ్యి పట్టుకుంది. "పెదనాన్నా, ఇక్కడ వంతెన ల్యాబు లేదు" అంది. సూర్రాజు గుండె కలుక్కుమంది, కానీ పిల్ల కోసం కాదు. మాస్టారి మాట గుర్తొచ్చి.

"మార్చడం కుదర్దండి. ఎవరు చెప్పినా మార్చొద్దన్నారు మా మాస్టారు."

"పోనీ ఆ మాస్టారి చేతే చెప్పిస్తాను."

"ఆయన చెప్పినా మార్చొద్దన్నారండి."

"అరె, ఎవరూ చెప్పొద్దండి! మీకు మీరే అనుకుని మార్చుకోండి."

"అలా ఎలాగండీ? మేం మాత్రం ఎవరం? మేమూ ఎవరో ఒకళ్ళమేగా" అన్నాడు సూర్రాజు దుఃఖంతో.

ఏజెంటు షెడ్డులోకెళ్ళి మేకల పక్కన కూర్చున్నాడు. బుర్రా వారు వెనక్కి తిరిగి చూసుకుంటూ ఇల్లు చేరారు. ఎంత గొప్ప కాలేజీ, చేతి దాకా వచ్చి జారిపోయింది! దారంతా తాయారు మాత్రం మాస్టారికి మనసులో దండాలు పెట్టుకుంటూనే ఉంది.

సీట్లు ప్రకటించిన రోజున పట్నం గవర్నమెంటు కాలేజీలో సివిల్ వచ్చింది. తాయారు ఏడ్చేసింది. "ఊరుకోమ్మా, నలభై ఏడైతే మాత్రం ఏం, అక్కడా మనుషులే చదువుతారు" అని సూర్రాజు తల నిమిరాడు. ఆ పిల్ల సంతోషంతో ఏడుస్తోందని ఆయనకి తెలియడానికి రాత్రి భోజనాల వేళయింది. తెలిశాక ఆయనకీ సంతోషం వేసింది. మళ్ళీ వెంటనే దిగులూ వేసింది. పట్నం అంటే పడవ, రెండు బస్సులు. హాస్టల్లో ఉండాలి. నిన్నటిదాకా భుజమ్మీదున్న పిల్ల ఒక్కతీ ఎలా ఉంటుంది?

ఆ దిగుల్లో ఉండగానే కాలేజీ నుంచి ఫోనుకి సమాచారం వచ్చింది. సూర్రాజు కూడబలుక్కుని చదివాడు: "దరఖాస్తులోని ఫోటోతో అభ్యర్థిని పోల్చి చూస్తాం. ఫోటోలో ఉన్నట్టు లేనివారికి ప్రవేశం లేదు."

ఇంట్లో అందరికీ చెమటలు పట్టాయి. వచ్చిన సీటు పోతే వంతెన పోయినట్టే. ఫోటో తెచ్చి దీపం దగ్గర పెట్టి చూశారు.

"తాయారు వెనకాల నీలంగా ఉందన్నియ్యా" అన్నాడు చిట్టిబాబు.

"నవ్వట్లేదు" అన్నాడు బుల్లబ్బాయి.

"అన్నిటికంటే ముఖ్యం చూడండ్రా. గుండెల కింద నించి మనిషి లేదు!" అన్నాడు సూర్రాజు.

"కాళ్ళతో పంపిస్తే చేర్చుకోరండీ" అంది కాంతమ్మ. ఆవిడే పెట్టె తీసి నీలం దుప్పటి, అటక మీంచి తాటాకు చాప దింపింది.

తెల్లారి బుర్రా వారు బయల్దేరారు. మధ్యలో తాయారు, మెడ నిటారుగా, నవ్వకుండా. వెనక నీలం దుప్పటి, ఒక కొస సూర్రాజు, ఇంకో కొస చిట్టిబాబు. ముందు, తాయారు గుండెల దాకా చాప అడ్డం పట్టి, గొంతుక్కూర్చుని వెనక్కి వెనక్కి జరుగుతూ బుల్లబ్బాయి. తాయారు మాత్రం ఏమంటుంది? ఎంత లెక్కలొచ్చినా బుర్రా వారి పిల్లే. పైగా ఫోటోలో నోరు మూసుకునే ఉంది.

బస్సులో కండక్టరు చాలాసేపు చూసి, "ఎన్ని టిక్కెట్లండీ?" అన్నాడు.

"ఒక మనిషి, ఇద్దరు వెనకవైపు, ఒకడు కిందవైపు" అన్నాడు సూర్రాజు.

కాలేజీలో జనం కిటకిటలాడుతున్నారు. కిటికీ వెనక గుమాస్తా పొద్దుటి నుంచీ కాఫీ కూడా తాగలేదేమో, ఫోటో చూశాడు, తలెత్తి ఒక్క క్షణం తాయారుని చూశాడు. "సరిపోయింది" అని ముద్ర కొట్టేశాడు.

"చూశావురా!" అని సూర్రాజు చిట్టిబాబుకేసి కన్ను గీటాడు. మన జాగ్రత్త లేకపోతే ఈపాటికి పిల్లని వెనక్కి పంపేసేవారు కాదూ!

"గుర్తింపు కార్డుకి ఫోటో తీస్తాను, ఇటు చూడమ్మా" అన్నాడు గుమాస్తా. కిటికీలో ఉన్న చిన్న కెమెరా తళుక్కుమంది. మిషనులోంచి కార్డు వచ్చింది. చూడకుండానే తాయారు చేతిలో పెట్టి, "రోజూ ఈ కార్డుతోనే రావాలి. గేటు దగ్గర ఫోటోతో పోల్చి చూసే లోపలికి పంపిస్తారు. తర్వాత!" అని అరిచాడు.

చెట్టు కింద అందరూ కార్డు చుట్టూ మూగారు. మధ్యలో తాయారు బాగానే ఉంది. కుడిపక్క దుప్పటి కొస పట్టుకుని సూర్రాజు, వెలుగుకి కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. ఎడంపక్క చిట్టిబాబు ఆవలిస్తూ ఇంతలావు నోరు తెరిచి ఉన్నాడు. కింద అంచున, చాప మీదుగా, బుల్లబ్బాయి బట్టతల నున్నగా మెరుస్తోంది.

"మార్పించుకుందామా పెదనాన్నా?" అంది తాయారు.

సూర్రాజు వినలేదు. కార్డునే చూస్తున్నాడు. ఇన్నాళ్ళ దిగులూ ఒక్కసారిగా కరిగిపోయింది. "ఒరేయ్ తమ్ముడూ, పిల్ల ఒక్కతే కాదురా. మనం కూడా ఉన్నాం" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

ఆడపిల్లల హాస్టల్లో ఫోటో మొత్తానికి చోటివ్వడం కుదరదన్నారు. దాంతో రోజూ ఇంటి నుంచే వెళ్ళి రావడమని తేలిపోయింది.

తరగతులు మొదలైన రోజున, బస్సు దిగీ దిగగానే సూర్రాజు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆయన్ని తాయారు చెయ్యి పట్టుకుని నడిపించింది. చిట్టిబాబు నోరు తెరిచాడు. రోడ్డు దాటేలోగా అందులోకి రెండు ఈగలు వెళ్ళాయి గానీ మూయలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ కార్డు తీసుకుని ఒక్కొక్కటే పోల్చాడు. దుప్పటి ఉంది. నోరు తెరిచే ఉంది. కళ్ళు మూసే ఉన్నాయి. బట్టతల దగ్గర మాత్రం అనుమానం వచ్చి, "కొంచెం పైకండీ... ఆఁ, చాలు" అన్నాడు. పోల్చి చూడమన్నారు, చూశాడు, సరిపోయింది, పంపించేశాడు. ఆయన ఇంటిపేరేమిటో కనుక్కోవాలి.

క్లాసులో లెక్చరరు సుద్దముక్క జారవిడిచాడు. "ఎవరండీ మీరంతా?"

"ఫోటోలో వాళ్ళమండి" అన్నాడు సూర్రాజు కళ్ళు తెరవకుండా, గోడకేసి తిరిగి దణ్ణం పెడుతూ.

లెక్చరరు కార్డు చూశాడు, వాళ్ళని చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. హాజరు పట్టీ తీశాడు. "బుర్రా మంగతాయారు!"

"ప్రెజెంట్ సార్!" అంది తాయారు. "ప్రెజెంటండి!" అన్నాడు గోడవైపు నుంచి సూర్రాజు. "ఆఁ!" అన్నాడు చిట్టిబాబు. చాప వెనక నుంచి, "ఇక్కడేనండి!" అన్నాడు బుల్లబ్బాయి.

సాయంత్రం పడవ దిగేసరికి కాంతమ్మ రేవులోనే ఎదురుచూస్తోంది. సూర్రాజు ఇంకా కళ్ళు తెరవలేదు. ఎప్పుడు తెరవాలో ఎవరూ చెప్పలేదు మరి.

"ఎలా ఉందండీ మన పిల్ల కాలేజీ?"

"చాలా గొప్పగా ఉందే" అన్నాడు సూర్రాజు, మొహం వెలిగిపోతూ.

"ఏమేం చూశారు?"

"ఒక్కటీ చూళ్ళేదు."

కాంతమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "అమ్మమ్మ! ఒక్కటీ లేదా! అంత గొప్పదా!"